మరుభూమిలో నీటి కాపురము

పశ్చిమ రాజస్థానమునకు యాత్ర పోవుచున్నామని చెప్పగా, బంధువులలో పెక్కుమంది "అచ్చట చూచుట కేమున్నదమ్మా, ఇసుక తప్ప!" అనిరి. ఇసుక యున్నమాట నిజమే. కోటలును గలవు, పసిడివన్నె రాతిలో చెక్కిన మేడలును గలవు. వానిని గూర్చి వ్రాసినవారు అనేకులు. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ సీమ ఇల్లాండ్రు నీటితో చేయు కాపురమును గూర్చి. ఏ దేశమందైనను ఇంటి నీటి పెత్తనము ఇల్లాలిదే కావున, ఈ సంగతి మన సోదరీమణులు వినదగినదని తలంచితిమి.

ముందుగా కొన్ని అంకెలు చెప్పవలెను. జైసల్మేరు ప్రాంతమున ఏడాది పొడుగునను కురియు వర్షము సగటున 20 సెంటీమీటర్లకు లోపు. మన హైదరాబాదున ఇంచుమించు 80 సెంటీమీటర్లు. కరవుసీమ యని పేరుబడిన అనంతపురమున 55 సెంటీమీటర్ల వరకును కురియును. చెన్నపట్టణమున 130 సెంటీమీటర్లకు పైమాటే. అట్టి చెన్నపట్టణమునకే 2019 వేసవిలో నీరందించు చెరువులన్నియు అడుగంటిపోగా, 200 కిలోమీటర్లకు పైబడిన దూరమునున్న జోలార్‌పేట నుండి రైలుబండ్లపై నీరు తెప్పింపవలసి వచ్చెను. జైసల్మేరు దుర్గము కట్టినది 1156లో. నాటినుండి ఎనిమిది వందల యేండ్లు ఆ పట్టణము ఏ నదియు లేకయే, ముఖ్యముగా వాననీటిని నమ్ముకొని బ్రతికినది. కావున నీటి కొరత యనునది మబ్బులవలననే కలుగునది కాదనియు, మన నడవడియు దానికి గొంత కారణమనియు ఒప్పుకొనక తప్పదు.

మేము మొదట చేరినది జోధపురము. రావు జోధా 1459లో పునాది వేసిన మెహ్రాన్‌గఢ్ కోట కొండ నెత్తిన నిలిచియున్నది. కోట గోడలను చూచి తల తిప్పుకొనకముందే, క్రింద కొండ చరియలో రెండు చెరువులు కనబడినవి. వానిలో ఒకదాని పేరు రాణీసర్. రాజు కోట కట్టుచుండగా ఆయన రాణి జస్మాదే హాడీ ఈ చెరువు త్రవ్వించినదట. కోటలేనిచో శత్రువు వచ్చును; చెరువు లేనిచో శత్రువు రానక్కరయే లేదు. ఆ రాణి యీ సంగతి నెరిగినది.

పాతబస్తీ నడుమ తూర్‌జీ ఝాల్రా యను మెట్లబావిని కూడ చూచితిమి. దీనిని 1740 ప్రాంతములందు మహారాజు అభయసింహుని రాణి కట్టించినది. ఎఱ్ఱరాతి మెట్లు నాలుగు వైపుల నుండి అందముగా క్రిందికి దిగును. వేసవిలో నీరు తగ్గినకొలది నాలుగు మెట్లు ఎక్కువ దిగి బిందె ముంచుకొనవచ్చును. పలు సంవత్సరములు చెత్తతో నిండి మూతబడియున్న ఈ బావికి ఇటీవల పూడిక తీసి శుభ్రపరచిరి. ప్రక్కనున్న గుజరాతులో, పాటణమునందలి రాణీకీ వావ్ అను గొప్ప దిగుడుబావి 11వ శతాబ్దమున రాణి ఉదయమతి తన భర్త భీమదేవుని జ్ఞాపకార్థము కట్టించినది. 2014లో దానికి ప్రపంచ వారసత్వ స్థలమను గౌరవము లభించినది. 2018 నుండి వచ్చుచున్న 100 రూపాయల నోటు వెనుకవైపున నున్న బొమ్మ ఈ బావిదే. సంతకు పోవునపుడు చేతిలో నలుగు ఆ నోటుపై ఒక స్త్రీ త్రవ్వించిన బావి యున్నదని మనలో నెందరము గమనించితిమి?

జోధపురమున మేము వినిన విచిత్ర మొకటి కలదు. ఇప్పుడు ఆ నగరమునకు నీరు పంజాబు నదుల నుండి వచ్చుచున్నది. 1958లో ఆరంభమైన పెద్ద కాలువ నుండి నీరు పైకి తోడి ఎడారి మీదుగా నగరమునకు తెచ్చిరి. నీరు కొళాయిలలో వచ్చుట మొదలిడగానే జనులు పాత బావులను, ఝాల్రాలను విడిచిరి. తోడువారు లేక భూగర్భజలము పైకుబికి, పాతబస్తీలో కొన్ని ఇండ్ల నేలమాళిగలలోనికి ఊరసాగినది. ఆ నీటిని యంత్రములతో తోడి పారబోయుదురట! క్రింద ఊరు నీటిని పారబోసి, దూరదేశపు నీటికై వెల యిచ్చుట. ఎడారి నగరమునకే యిట్టి మరపు కలిగినప్పుడు, మన నగరముల మాట చెప్పనేల?

జోధపురము నుండి జైసల్మేరు ఇంచుమించు 280 కిలోమీటర్లు. పోనుపోను చెట్లు పొట్టివై, పొదలై, తుదకు ఇసుకయే మిగులును. పట్టణపు అంచున గడీసర్ అను సరస్సు కలదు. దీనిని 14వ శతాబ్దమున మహారావల్ ఘడ్సీ తీర్చిదిద్దించెనందురు. కొళాయిలు రాక పూర్వము ఊరి త్రాగునీరంతయు దీనినుండియే. గట్టున మండపములు, గుడులు కలవు. సరస్సునకు పోవు దారిలోని పెద్ద ద్వారము తీలో యను వేశ్య కట్టించినదట. అట్టి స్త్రీ కట్టించిన ద్వారము క్రిందుగా మేము నడువమని రాజకుటుంబమువారు పట్టుబట్టగా, ఆమె దానిపై దేవుని నిలిపి ఎవరును పడగొట్టకుండ చేసెనని స్థానికులు కథగా చెప్పుదురు. కథ ఎట్లున్నను ద్వారము నిలిచినది. నేడు సరస్సులో పడవ షికార్లు సాగుచున్నవి. నీరు ముంచు బిందెలు మాత్రము కనరావు.

మేము నిజముగా నేర్చుకొన్నది పట్టణమున గాదు, పల్లెలో. ఇసుకదిబ్బల నడుమ మట్టియిండ్ల పల్లె యొకదానిలో, ఒక ముదుసలి ఇల్లాలు మమ్ము ఆదరించి తన ఇంటి టాంకాను చూపినది. టాంకా యనగా నేలలో గుండ్రముగ త్రవ్వి, లోపల గచ్చుచేసిన నీటికొట్టు. పైన కప్పు, కప్పునకొక చిన్న మూత, మూతకు తాళము! ధాన్యపు కొట్టునకు తాళము వేయుట చూచితిమి గాని, నీటికి తాళము వేయుట అదియే చూచుట. టాంకా చుట్టును నేలను పళ్లెమువలె నడిమికి వాలుగా చేసి గట్టిపరచియుంచిరి. దీనిని ఆగోర్ అందురు. వాన కురిసినపుడు ఆ పళ్లెమున పడిన నీరంతయు చిన్న తూములగుండ టాంకాలోనికి దిగును. వర్షాకాలమునకు ముందు ఆగోరును ఊడ్చి, పూజాగృహమువలె నుంచుదురు. పశువులను రానీయరు, చెప్పులతో త్రొక్కరు.

వారి భాషలో నీటికి మూడు పేర్లు కలవని ఆమె చెప్పినది. ఆకసము నుండి నేరుగ పడినది పాలర్ పానీ. బహులోతున బావులలో నుండునది పాతాళ్ పానీ. ఆ సీమలో అది తఱచు ఉప్పు నీరు. ఈ రెంటికి నడుమ, ఇసుకలో ఇంకి, క్రిందనున్న సుద్దరాతిపొర అడ్డగించుటచే ఉప్పునీటిలో కలియక తేమగా నిలిచియుండునది రేజాణీ పానీ. సన్నని నూతులు త్రవ్వి ఆ తేమను బొట్టుబొట్టుగా ఊరనిచ్చి, దినమునకు కొన్ని కడవలు మాత్రము తోడుకొందురు. మనము బియ్యములో రకములు చెప్పినట్లు వారు నీటిలో రకములు చెప్పుదురు. ఏ రకమునకు ఏ పని యనునది పసిపిల్లకును తెలియును. త్రాగుటకు, వంటకు పాలర్ పానీ. పశువులకు, ఉతుకుటకు తక్కినది.

ఆ ఇంట వాడుక ఎట్టిదో చెప్పెదము. ఎంగిలి పళ్లెములను ముందు సన్నని ఇసుకతోగాని బూడిదతోగాని తోమి, గుడ్డతో తుడిచి, తరువాత గుక్కెడు నీటితో కడుగుదురు. కూరగాయలు కడిగిన నీరు మేకకు పోవును. పూర్వము పెద్దలు మంచముపై కూర్చుండి స్నానముచేసి, క్రింద పడిన నీటిని వెడల్పాటి పాత్రలో పట్టి, దానితో బట్టలు ముంచి, మిగిలినది మట్టిపనికి వాడెడివారట. ఒక్క నీటికి మూడు ఉద్యోగములు! చెంబుతో నీరు త్రాగునపుడు పెదవి తగులకుండ ఎత్తి పోసికొని, మిగిలినది పారబోయక మూత పెట్టుదురు. నెయ్యి ఒలికిన బెంగలేదు గాని నీరొలికిన ప్రాణము మండునని అక్కడి సామెత. మన తెలుగువారు దుబారాచేయువానిని "డబ్బు నీళ్లవలె ఖర్చుచేయుచున్నా"డందురు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మన మాటలో నీరు వెలలేనిది. వారి మాటలో నెయ్యికంటె ప్రియమైనది.

ఆ పల్లెకును ఇప్పుడు కొళాయి గొట్టము వచ్చినది. అందుచే మేము, "మాజీసా, కొళాయి యుండగా టాంకాతో ఇంత శ్రమ యెందుకు?" అని హిందీలో నడిగితిమి. ఆమె నవ్వి, "కొళాయి ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో దానికే తెలియును, బేటీ! నా టాంకాలో నీరెంత యున్నదో నాకు తెలియును" అనినది. అని, ముడులు వేసిన త్రాడొకటి లోనికి దింపి, తడిసిన ముడులు లెక్కపెట్టి చూపినది. వానలు వచ్చువరకు ఇంకెన్ని నెలలో, ఎందరు మనుషులో, వేసవిలో చుట్టములు వచ్చిన ఎంత కావలెనో, అంతయు ఆమె నోటిలెక్క.

ఆ లెక్కను మేము బసకు వచ్చి కాగితముపై వేసితిమి. మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతుగల టాంకా యించుమించు 21,000 లీటర్లు పట్టును. ఆరుగురున్న ఇంట త్రాగుటకును వంటకును మనిషికి 10 లీటర్ల చొప్పున దినమునకు 60 లీటర్లు. 21,000ను 60చే భాగింప 350 దినములు. అనగా నిండిన టాంకా ఒకటి ఆరుగురు మనుష్యులకు వానకు వాననడుమ యేడాది కాపురము. ఇందులో మాయ యేమియు లేదు. ఉన్నదెంతయో కంటికి కనబడుచున్నది కావున, వాడుక దానికి తగినట్లు నడచుచున్నది. పొదుపునకు మూలము ఈ కనబడు నిల్వయే యని మాకు తోచినది. కొట్టులో బియ్యము తగ్గుట చూచిన ఇల్లాలికి ఎవరును పొదుపు బోధింపనక్కరలేదు. కొళాయి వచ్చి మనకు సౌఖ్యమిచ్చినది గాని, నిల్వను మన కంటికి మరుగుచేసినది.

ఇట్లనుటచే ఎడారి బ్రతుకే మేలని మేము పొగడుట లేదు. కొళాయి రాక మునుపు ఆ స్త్రీలు నెత్తిన కడవలతో మైళ్లకొలది ఇసుకలో నడచిరి. తల్లితో నీటికి పోవలసి బడి మానిన బాలికలెందరో! పొదుపు వేరు, లేమి వేరు. గొట్టము వచ్చుట స్త్రీకి విముక్తియే. కాని ఆ విముక్తి నిలువవలెనన్న నీరు నిలువవలెను. మన నగరములలో నీరు కరవైన దినమున మొదట ఎవరి ప్రొద్దు చెడును? లారీ నీటికై బిందెలు వరుసబెట్టి ఎండలో నిలుచువా రెవరు? స్త్రీలే. కావున నీటి పొదుపు మనకొక నీతిబోధ కాదు; మన నడుములకు, మన ప్రొద్దునకు, మన బిడ్డల చదువునకు సంబంధించిన స్వప్రయోజనము.

మన పూర్వులును దీని నెరుగనివారు కారు. కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు కడనున్న 1369 నాటి శాసనము, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను వివరించుచున్నది. మండువా లోగిళ్లలో చూరునీరు నడిమి వాకిట పడగా గంగాళములలో పట్టెడివారు. బియ్యపు కడుగు కుడితితొట్టిలోనికి, గిన్నెలు తొలచిన నీరు పెరటి అరటిపాదులోనికి పోవుచుండెను. తెలంగాణమున బతుకమ్మను సాగనంపుటకు నిండు చెరువు కావలెను గదా! ఆ చెరువులు పూడి, వానిపై ఇండ్లు లేచినపుడు మన పండుగకే చోటు కరవగుచున్నది. 1908 మూసీ వరదల పిమ్మట గండిపేట జలాశయము 1920లో ఏర్పడి హైదరాబాదునకు నీరిచ్చెను. నేడు ఆ నగరపు నీటిలో హెచ్చుభాగము 100 కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి కృష్ణా గోదావరులను యంత్రములతో ఎత్తి తెచ్చునదియే. మన వంటయింటి కొళాయి కట్టివేయు ప్రతి సారియు, అంత దూరము నుండి తోడిన శ్రమలో కొంత మిగులుచున్నదని తెలిసికొనవలెను.

దేశములో నీటి వాడుకలో ఐదింట నాలుగు పాళ్లకు పైగా సేద్యమునకే పోవుచుండగా ఇంటిలో చెంబెడు మిగిల్చిన నేమగునని అడుగువారు కలరు. సేద్యపు నీటి సంస్కారము వేరుగ జరుగవలసినదే. కాని మన వీధి బావి, మన యింటి గొట్టపుబావి ఎండుటయు, ఎండకుండుటయు చాలవరకు మన వీధివారి చేతిలోనే యున్నవి.

ఇక మన యిండ్లలో చేయదగిన దేమి? మొదటిది, లెక్క. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు చాలునని ప్రభుత్వపు కొలత; పల్లెలలో ఇంటింటి కొళాయి పథకమునకు 55 లీటర్లు. మీ యింటి వాడుక యెంతయో ఒక్క దినము కొలిచి చూడుడు. మేడమీది తొట్టి యెన్ని లీటర్లదో, దినమునకెన్ని మారులు నింపుచున్నారో వ్రాసియుంచుడు. 1,000 లీటర్ల తొట్టిని నలుగురున్న ఇంట దినమునకొకసారి నింపినచో మనిషికి 250 లీటర్లు పోవుచున్నవన్నమాట. ఈ అంకె గోడపై నున్నచో పురుషులకును పిల్లలకును కనబడును. పొదుపు ఇల్లాలి ఒక్కదాని తపస్సు కారాదు. ఇంటిల్లిపాది ఆచారము కావలెను.

రెండవది, పారు నీటిని పాత్రలోనికి తెచ్చుట. 15 లీటర్ల బొక్కెన రెండు నిమిషములలో నిండు కొళాయిని, పండ్లు తోముకొనునంతసేపు, అనగా మూడు నిమిషములు, తెరచి విడిచిన 22 లీటర్లు వృథా. అదే పనికి ఒక్క చెంబు చాలును. స్నానమునకు బొక్కెన, గిన్నెలకు తొట్టి, కూరలకు గిన్నె పెట్టుకొన్నచో, ఎంత వాడినదియు కంటికి తెలియును. జారుచున్న కొళాయి క్రింద ఒక దినము గిన్నె పెట్టి చూడుడు. సాయంకాలమునకు గిన్నెయే మీకు చెప్పును. పాత మరుగుదొడ్ల తొట్లు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా విడుచును. ఆ తొట్టిలో నీరు నింపి మూత బిగించిన సీసా నొకదాని నుంచిన, ప్రతిసారియు ఆ సీసాడు నీరు మిగులును.

మూడవది, ఒక్క నీటికి రెండు ఉద్యోగములు. నేడు పెక్కు ఇండ్లలోనున్న నీటిశుద్ధి యంత్రములు ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి విడుచును. ఆ గొట్టము నొక బిందెలో పెట్టుడు. ఆ నీరు త్రాగుటకు పనికిరాదు గాని, ఇల్లు తుడుచుటకు, గిన్నెల మొదటి కడుగునకు, మరుగుదొడ్డికి చక్కగా పనికివచ్చును. లవణము లెక్కువ కావున మొక్కలకు నిత్యము పోయరాదు. మొక్కలకు బియ్యపు కడుగు, పప్పు కడుగు శ్రేష్ఠము. బట్టలు జాడించిన కడపటి నీరు వాకిలి కడుగుటకు చాలును. బట్టలు ఉతుకు యంత్రమును నిండుగ వేసినప్పుడే త్రిప్పవలెను.

నాలుగవది, వాన. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన అది ఒక లీటరు నీరు. ఈ సూత్రమొక్కటి జ్ఞాపకముంచుకొన్న చాలును. 100 చదరపు మీటర్ల కప్పుపై హైదరాబాదు వాన యేడాదికి 80,000 లీటర్లు. ఆవిరికిని, మొదటి వాన కడుగునకును ఐదింట నొకపాలు విడిచినను 64,000 లీటర్లు మిగులును. నలుగురికి, మనిషికి 135 లీటర్ల చొప్పున, ఇంచుమించు నాలుగు నెలల వాడుక! ఈ నీరంతయు నేడు మన మేడల గొట్టములగుండ వీధి కాలువలోనికి పోయి, అచ్చట మురుగుతో కలిసి, పల్లపు ఇండ్లలో చొరబడుచున్నది.

కావున సోదరీమణులారా, తొలకరికి ముందే మేడ కప్పును ఊడ్పింపుడు. ఆకులు, దుమ్ము, పాత సామాను తీసివేయింపుడు. మొదటి వాన నీటిని బయటికి విడిచి, తరువాతి నీటిని గొట్టమునకు సన్నని వల కట్టి తొట్టిలోనికి పట్టుడు. తొట్టికి దోమ చొరకుండ మూత బిగింపుడు. అంత సౌకర్యము లేనివారు బావిచెంతనో, గొట్టపుబావి ప్రక్కనో గుంట త్రవ్వించి కంకరతోను ఇసుకతోను నింపి నీరింకనీయుడు. అద్దె యిండ్లవారు, అంతస్తుల యిండ్లవారు పదిమంది కలిసి యజమానినో సంఘమునో అడుగుడు. అడిగినది ఒక్కరైన జరుగదు. వీధిలోని ఇల్లాండ్రందరు అడిగిన జరుగకపోదు. ఈ సంవత్సరము చేసిన పని ఫలితమును వచ్చు వేసవిలో బావిలోనికి త్రాడు దింపి, తడిసిన ముడులు లెక్కించి చూచుకొనవచ్చును.